కొమ్మమూరు కాలువ నుంచి ప్రళయకావేరి దాకా

జనవరి 15, కనుమ. రాత్రి

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. అమ్మ ఆ మాట పట్టుకుని మమ్మల్ని ఇవాళ కదలనివ్వలేదు. మంచిదే అయింది. పొద్దున్నే నాన్న గేదెల్ని కాలువకు తోలుకెళ్తుంటే పిల్లలిద్దరూ వెంటపడ్డారు. కడగడం, కొమ్ములకు రంగు పూయడం, మెళ్లో బంతిపూల దండ వేయడం అన్నీ వాళ్ల చేతుల మీదుగానే జరిగాయి. దూడ మెళ్లో వేసిన దండని సాయంత్రానికి దాని తల్లే నమిలేసింది.

రేపు బయల్దేరుతున్నాం. చేబ్రోలు పక్కన మా పుట్టింటి నుంచి సూళ్లూరుపేట దాకా. హైవే ఎక్కితే ఒక్క పూట ప్రయాణం. మేం వీలైనంత మటుకు ఊళ్ల మీదుగా, ఆగుతూ పోతాం. కారు నడిపేది మా ఆయన. పక్క సీటు నాన్నది. నాన్న పెట్టిన షరతు ఒక్కటే, ఆపమన్నచోట ఆపాలి. "మీరు చెయ్యెత్తితే చాలు మామయ్యా" అని మా ఆయన మాటిచ్చారు.

దారి కూడా నాన్న చెప్పిందే. మావైపు పొలాలు తడిపే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. ఆ కాలువ సముద్రం పక్కనే నెల్లూరు సీమంతా దిగి, పులికాట్ సరస్సు మీదుగా చెన్నపట్నం దాటి పోతుంది. 1876–78 కరువులో ఆకలిగొన్న జనానికి పని చూపించడానికి దానిలో కొంత భాగం తవ్వించారు. ఆనాటి మద్రాసు గవర్నరు పేరే దానికి స్థిరపడింది. మా ముత్తాతల కాలంలో ధాన్యం పడవలు ఆ నీళ్ల మీదే మద్రాసు వెళ్లేవి. పడవలు పోయాయి. నీళ్లు పోయిన దారినే మనమూ పోదాం అన్నారు నాన్న.

జనవరి 16, ఉప్పలపాడు

ముందు గుంటూరు వైపు వెనక్కి వచ్చి ఇక్కడ ఆగాం. పెదకాకాని పక్కన ఇదొక మామూలు ఊరు. ఊరి చెరువులో కాలు పెట్టడానికి చోటు లేనన్ని పక్షులు. తుమ్మచెట్ల మీద, వాటికోసం నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద, ఒకదాని పక్కన ఒకటి గూళ్లు. గూడబాతులు, తెల్ల కంకణాలు, నీటికాకులు. అన్నిటికంటే ఎక్కువ కనిపించేవి పసుపుపచ్చ ముక్కు, నారింజరంగు ముఖం, తోక దగ్గర గులాబిరంగు ఈకలు ఉన్న పెద్ద కొంగలు. పెయింటెడ్ స్టార్క్ అని బోర్డు మీద రాశారు.

అమ్మాయి ఒక సంగతి కనిపెట్టింది. గోల చేసేవన్నీ పిల్లలేనట. నిజమే. ఈ కొంగల్లో పెద్దవాటికి గొంతు దాదాపు లేదు. చెప్పదలుచుకున్నదంతా ముక్కు రెండు దవడలూ టకటకలాడించి చెప్పుకుంటాయి. పిల్లలు మాత్రం ఆకలేస్తే ఊరంతా వినపడేలా అరుస్తాయి. ఎండ ఎక్కేకొద్దీ ఒక తల్లి గూటి అంచున నిలబడి రెక్కలు సగం విప్పింది. పిల్లలు ఆ నీడలోకి జరిగాయి. సూర్యుడు జరిగితే తనూ జరుగుతోంది. అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

రెట్ట కంపు గట్టిగానే ఉంది. బాబు ముక్కు మూసుకున్నాడు. గట్టు పక్క ఇంటి ముందు బియ్యం చెరుగుతున్న పెద్దావిడని అడిగాను, రోజూ ఎట్లా భరిస్తారని. "మా ఇంట్లో చంటిపిల్లలుంటే కంపని వెళ్లగొడతామా అమ్మా?" అంది. చేట ఆపకుండానే అంది. ఈ ఊరివాళ్లు రాత్రింబగళ్లు ఈ వాసన, ఈ గోల మధ్యే బతుకుతున్నారు. చెరువు వాళ్లది. వద్దనుకుంటే ఒక్క ఏడాదిలో వెళ్లగొట్టగలరు. వెళ్లగొట్టలేదు. ఈ గూళ్లన్నీ నిలబడింది ఆ ఒప్పుకోలు మీదనే.

జనవరి 16, పొన్నూరు దాటాక

నాన్న చెయ్యెత్తారు. రోడ్డు పక్క కోసిన వరిమళ్లలో బాతుల మంద. మడి నిండా గోధుమరంగు వీపులు, అన్నీ ఒకే వైపు కదులుతున్నాయి. వెనక ఇద్దరు మనుషులు, చేతుల్లో పొడుగాటి కర్రలు, కర్రల చివర ప్లాస్టిక్ పీలికలు.

నెల్లూరు వైపు నుంచి వచ్చారట. ఎక్కడ కోత అయిపోతే అక్కడికి మందని తోలుకుంటూ వస్తారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు బాతుల తిండి. రాత్రి పొలం గట్టునే వల చుట్టి దడి కడతారు, పక్కనే పట్టా కింద పడుకుంటారు. గుడ్లు తెల్లారేసరికి దడిలోనే ఉంటాయి, చీకటి విడకముందే ఏరుకోవాలి. రైతుకు కూడా లాభమే, మడి శుభ్రమవుతుంది, రెట్ట ఎరువవుతుంది. ఈ మధ్య వరి తీసిన వెంటనే మొక్కజొన్న వేసేస్తున్నారు, ఖాళీ మళ్లు దొరకడం కష్టంగా ఉందని పెద్దాయన చెప్పాడు.

"ఇన్నింటిలో ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది తాతా?" అని బాబు ఆయన్నే అడిగాడు.

"అన్నీ మాయే అబ్బాయా. పిలిస్తే వచ్చేది మాది, రానిది కూడా కాసేపటికి వస్తుంది."

ఆయన నాలుక మడిచి ఒక కేక వేశాడు. దూరంగా కాలువ గట్టెక్కిన బాతులు వెనక్కి తిరిగాయి. బాబు ఆ కేకని బాపట్ల దాకా ప్రాక్టీసు చేశాడు. ఎవరూ వద్దనలేదు.

జనవరి 16, మధ్యాహ్నం. బాపట్ల–చీరాల మధ్య

నల్లరేగడి పోయి ఇసుక వచ్చింది. సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు, వేరుశనగ మళ్లు. సరుగుడు నీడలో దుప్పటి పరిచి పులిహోర, అరిసెలు తిన్నాం. కరెంటు తీగ మీద పాలపిట్ట. కూర్చున్నంతసేపూ మట్టిరంగు, ఎగిరితే నీలం. తెలంగాణకు అది రాష్ట్రపక్షి. విడిపోక ముందు మనకూ అదే, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. నాకు రెండూ ఇష్టమే. ఈ తీగ మీద మాత్రం ఆ నీలానికే నా ఓటు.

జనవరి 16, సాయంత్రం. కరవది దగ్గర

ఈ రోజంతటిలో నాన్న ముఖం వెలిగింది ఇక్కడే.

సంక్రాంతి బండలాగుడు పోటీల నుంచి తిరిగివస్తున్న గిత్తల జత ఒకటి వ్యాను దిగి రోడ్డు పక్క నీళ్లు తాగుతోంది. నాన్న కారు ఆగీ ఆగకముందే తలుపు తీశారు. తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, ముందు కాళ్ల మధ్య మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, కురచ కొమ్ములు, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు, తోక చివర నల్ల కుచ్చు. ఒంగోలు గిత్తను చూసే క్రమం ఒకటుంది, నాన్న ఆ క్రమంలోనే చూశారు. ముందు మూపురం, తర్వాత వెన్ను, తర్వాత గిట్టలు, చివరికి ముఖం.

"ఎన్ని పళ్లు?" అని గిత్తల వెంట ఉన్న కుర్రాణ్ణి అడిగారు.

"నాలుగు పళ్లు బాబాయ్. మొన్నటిదాకా రెండు పళ్లలో లాగినయ్."

పిల్లలకు అర్థం కాలేదు. పశువు వయసు పళ్లను బట్టి లెక్కకడతారనీ, పోటీల్లో విభాగాలన్నీ ఆ లెక్కనే ఉంటాయనీ, పాలపళ్ల గిత్తల్నీ ఆరుపళ్ల గిత్తల్నీ ఒకేచోట దించరనీ నాన్న నేల మీద గీతలు గీసి చెప్పారు. బండను ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత. మేపు గురించి ఆ కుర్రాడు చెప్పుకొచ్చాడు. ఉలవలు ఉడికించి పెడతారు, పత్తిగింజలు రుబ్బి పెడతారు, పొద్దున పూట నడిపిస్తారు. ఇంట్లో మనిషికి జ్వరమొస్తే మాత్ర వేస్తారు, గిత్తకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటారట.

ఈ కరవది పేరు ఇక్కడివాళ్ల కంటే బ్రెజిల్ పశువుల రైతులకు బాగా తెలుసు. ఈ ఊరి గిత్త ఒకటి 1960ల మొదట్లో ఓడెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడి వంశావళుల్లో దాన్ని ఊరి పేరుతోనే రాసుకున్నారు. అంతకు ముందు నుంచే, 19వ శతాబ్దం నుంచీ, మన ఒంగోలు పశువులు అక్కడికి వెళ్తున్నాయి. అక్కడ ఆ జాతి పేరు నెలోర్. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గాని గుంటూరు జిల్లాలోకి రాలేదు. బ్రెజిల్ మాంసపు మందల్లో ఇవాళ అధికభాగం ఈ రక్తమే. అక్కడ లెక్కలేనంతగా పెరిగిన జాతి పుట్టినచోట ట్రాక్టరు వచ్చాక తగ్గిపోయింది. ఇక్కడ దాన్ని నిలబెడుతున్న వాటిలో ఈ పోటీలూ, ఈ కుర్రాడి ఇంటివాళ్ల లాంటి మోజున్న కుటుంబాలూ ముఖ్యం. పశువుకు కష్టమని పోటీల మీద కొందరికి అభ్యంతరం ఉంది, దాన్ని కొట్టిపారేయను. కర్రతో పొడిచి లాగించడం నాకూ నచ్చదు. ఆ కుర్రాడి చేతిలో మాత్రం కర్ర లేదు. మెడ మీద చెయ్యేస్తే గిత్త తల తిప్పి అతని భుజం నాకింది.

అమ్మాయి భయపడుతూనే మూపురం ముట్టుకుంది. "మెత్తగా ఉంది తాతయ్యా" అంది. నాన్న ఆ మాట రాత్రి ఒంగోల్లో అన్నం తింటూ మళ్లీ చెప్పారు.

జనవరి 17, కావలి దాటాక

రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. మా ఆయన ఇంజను ఆపేశారు. ఇవి చూడ్డానికి మేకల్లా ఉంటాయి. పొడుగు కాళ్లు, ఒంటి మీద ఉన్ని లేదు, మెడ కింద లోలాకులు. దేశంలోని గొర్రెల్లో నెల్లూరు గొర్రె అంత ఎత్తైంది లేదంటారు. కాపరి అద్దం పక్కకు వచ్చి పిల్లలకు పేర్లు చెప్పాడు. "ఇది పల్ల, తెల్లంగా ఉండేది. కళ్లకాడ నల్లమచ్చ ఉంటే జోడిపి. ఎర్రంగా ఉండేది దోర." ఆ తర్వాత నెల్లూరు చేరేదాకా వెనక సీట్లో ఇదే ఆట, కనిపించిన ప్రతి గొర్రెకూ పేరు పెట్టాలి.

రాత్రి నెల్లూరులో మా పెద్దమ్మ కూతురింట్లో దిగాం. చేపల పులుసు. నిన్నటి పులుసు ఇవాళ, ఇవాళ్టిది రేపు తినాలనేది ఆ ఇంటి పద్ధతి.

జనవరి 18, నేలపట్టు

దొరవారిసత్రం దగ్గర హైవే దిగి కాస్త లోపలికి వస్తే చెరువు. 1976 నుంచి ఇది రక్షిత కేంద్రం. 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మన దేశంలో గూడబాతులు గూళ్లు పెట్టే పెద్ద తావుల్లో ఒకటి. నీళ్లలో సగం మునిగినా చావని చెట్లు ఈ చెరువులో గుంపులుగా పెరుగుతాయి. నక్క, కుక్క, మనిషి నీళ్లు దాటి ఆ చెట్టెక్కలేవు. అందుకే గూళ్లన్నీ వాటి మీద.

వాచ్‌టవర్ ఎక్కి బైనాక్యులర్స్ ఒకరి తర్వాత ఒకరం పట్టుకున్నాం. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలతో పాటు మెడదాకా దూర్చేసింది. బాబు కేక పెట్టాడు, తల్లి పిల్లని మింగేస్తోందని. కాసేపటికి పిల్ల బయటికొచ్చింది, ముక్కున సగం మింగిన చేప. తల్లి కడుపులోంచి తెచ్చిన చేపని అట్లా సంచిలోంచే తీసుకు తింటాయి. "అయితే అది టిఫిన్ బాక్సా?" అన్నాడు. ఇక ఈ పక్షికి మా ఇంట్లో వేరే పేరు ఉండదు.

ఈ చేప ఈ చెరువుది కాదు. గూడబాతులు ఇక్కడ కాపురం పెట్టి వేటకు పులికాట్ దాకా ఎగిరివెళ్తాయి. పొద్దుటి ఎండ నేల మీద వేడి గాలిని లేపేదాకా ఆగి, ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ పైకి లేచి, అప్పుడు దక్షిణం వైపు రెక్కలు చాచి జారిపోతాయి. మేం చూస్తుండగానే ఒక గుంపు అలా లేచింది. ఐదారు కిలోల పక్షి రెక్క కొట్టకుండా అంత ఎత్తుకు పోవడం చూసి అమ్మ చేతులు జోడించింది. ఎందుకని ఎవరం అడగలేదు.

గేటు బయట కొబ్బరిబోండాలమ్మే ఆయనది ఇదే ఊరు. "ఇవి వచ్చిన ఏడు వాన పడ్డట్టేనమ్మా. రాలేదంటే చెరువులో నీళ్లు లేనట్టే" అన్నాడు. పక్షుల రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్లు పొలానికి పెడితే ఎరువు ఖర్చు తగ్గుతుందనీ చెప్పాడు. ఉప్పలపాడు పెద్దావిడ ప్రేమతో చెప్పింది, ఈయన లెక్కతో చెప్పాడు. ఏ కారణంతోనైనా ఇద్దరూ పక్షి పక్షమే. నాకు ఈ లెక్క మాట మీద నమ్మకం ఎక్కువ. ప్రేమ ఒక తరంలో తగ్గొచ్చు, పొలానికి మేలు జరుగుతున్నంత కాలం లెక్క మారదు.

జనవరి 19, పొద్దున. పులికాట్

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. చీకటి ఉండగానే బయల్దేరాం. తెల్లారేసరికి అటూ ఇటూ నీళ్లే. చిల్కా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరోటి లేదు. విస్తారం చూస్తే సముద్రమే అనిపిస్తుంది, లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాటదు. తెలుగులో దీని పేరు ప్రళయకావేరి. స.వెం.రమేశ్ ఈ సరస్సు దీవుల్లోని జనం మాటల్లోనే కథలు రాసి ప్రళయకావేరి కథలు అని పేరు పెట్టారు. బయల్దేరే ముందు నేనా పుస్తకం మళ్లీ చదివాను. ఇక్కడికి వచ్చేవాళ్లు చదివి రావాల్సిన పుస్తకం.

అటకానితిప్పకు ముందే ఫ్లెమింగోలు కనిపించాయి. మొదట నీళ్ల మీద లేత గులాబి చార. బైనాక్యులర్స్ పెడితే కాళ్లు, మెడలు విడివిడిగా తేలాయి. అన్నీ తలలు కిందికి వేసి మేస్తున్నాయి. ఈ పక్షి తలని తలకిందులుగా పెట్టి తింటుంది. వంకర ముక్కుతో నీళ్లు లోపలికి లాగి బయటికి చిమ్ముతుంటే నాచు, సన్నటి రొయ్యజాతి పురుగులు లోపలి జల్లెడకు చిక్కుకుంటాయి. కాళ్లతో తొక్కుతూ గుండ్రంగా తిరిగి అడుగు బురదని కలుపుతాయి. ఆ నాచులోనూ ఆ పురుగుల్లోనూ ఉన్న రంగే దాని ఈకలకు ఎక్కుతుంది. గుంపు అంచున బూడిదరంగువి కనిపిస్తే అమ్మాయి వేరే జాతి అనుకుంది. అవి ఈ మధ్య పుట్టిన పిల్లలు. రంగు రావడానికి కొన్నేళ్లు తినాలి.

ఇవి ఇక్కడ గుడ్లు పెట్టవు. మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్లు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో, బురదని దిబ్బలుగా పేర్చి. ఇక్కడికి వచ్చేది తిండికి. తిండి ఉన్నంత కాలమే వస్తాయి.

దగ్గరి నీళ్లలో సన్నటి ఎర్రకాళ్ల ఉల్లంకులు, బూడిదరంగు కొంగలు, సూదితోక బాతులు. నడుం లోతులో వల లాగుతున్న జాలర్లు. పక్షులు వాళ్లను చూసి బెదరడం లేదు, వాళ్లూ పక్షుల వంక చూడడం లేదు. ఒకే నీళ్లలో ఎవరి తిండి వాళ్లది. వల ఆరబెట్టుకుంటున్న ఒకాయనతో నాన్న మాట కలిపారు. రాయదొరువు వైపు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతోందనీ, సముద్రం నీళ్లు లోపలికి రాక చేప తగ్గిందనీ చెప్పాడు. పూడిక తీయించాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. జాలరికి చేప తగ్గితే గూడబాతుకూ తగ్గుతుంది. నేలపట్టు గూళ్లలో పిల్లలకు తిండి ఆ ఇసుక తిన్నె దగ్గరే తేలిపోతోంది. పక్షుల కోసం ఖర్చుపెట్టే డబ్బులో మొదటి రూపాయి ఆ పూడిక మీద పెట్టాలని నా అభిప్రాయం.

శ్రీహరికోట చెట్ల వరస దూరంగా కనిపిస్తుంటే బాబు రాకెట్ ఏదని అడిగాడు. 1980 జులైలో మన రాకెట్ మన ఉపగ్రహాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్లింది ఆ చెట్ల వెనకనుంచేనని మా ఆయన చెప్పారు. నాన్న ఆ వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ, ధాన్యం పడవలు ఇటే వెళ్లేవి అన్నారు. కొమ్మమూరు గట్టు మీద విన్న మాట ఇక్కడి దాకా వచ్చింది.

వెనక ఒక కారు పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. గులాబి చారంతా ఒక్కసారి లేచింది. రెక్కల కింది ఎరుపు, అంచు నలుపు ఆకాశమంతా పరుచుకుంది. చూడడానికి గొప్పగా ఉంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ కడుపు నింపుకుంటున్న పక్షి లేచిందంటే తిన్నది ఖర్చయినట్టే. నాన్న చప్పట్లు ఆపమని సైగ చేశారు. గుంపు దూరంగా వెళ్లి దిగింది, మళ్లీ దగ్గరికి రాలేదు.

జనవరి 20, తిరుగు దారి

హైవే మీదనే వచ్చేశాం. పిల్లలకు బడి ఉంది. నాన్న నిద్రపోయారు, అమ్మ పోలేదు.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఫిబ్రవరి లోపు వెళ్లండి. ఎండలు ముదిరితే పులికాట్ చాలాచోట్ల ఎండి నెర్రెలిస్తుంది, పక్షులు వెళ్లిపోతాయి. ఉప్పలపాడులో గట్టు దిగకండి. నేలపట్టుకు పొద్దున పూట వెళ్లండి, బైనాక్యులర్స్ అద్దెకైనా తీసుకెళ్లండి. పులికాట్ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి, హారన్ కొట్టకండి, పక్షుల మీదికి డ్రోన్ ఎగరేయకండి, తిన్న కవర్లు నీళ్లలో పడేయకండి. మీరు కొనే బోండాం, చేపలు, గుడ్లు ఆ ఊళ్లవాళ్ల దగ్గరే కొనండి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి, ముందు సీటు వాళ్లకివ్వండి.